గంట వినిపించేంత దూరం

మా బిల్డింగు సంఘం సెక్రటరీతో మా ఆడబిడ్డ గొడవపడి గెలిచిన రోజు నేను మెట్ల మీద ఉన్నాను. చేతిలో ఉల్లిపాయల సంచి ఉంది, మోకాళ్లు పీకుతున్నాయి, అయినా కదల్లేదు. అలాంటి గొడవను సగంలో వదిలేసి పోయేంత తొందర పని నాకు ఆ రోజు ఏదీ లేదు.

మా బిల్డింగు మూడంతస్తులు. నాది రెండో అంతస్తు. మూడో అంతస్తులో రెండు వాటాలు, ఒకటి సెక్రటరీది, దానికి ఎదురుగా ఉన్నది మా ఆడబిడ్డది. ఆ పైన డాబా. సెక్రటరీ పడకగదిలో కప్పు చెమ్మగిల్లి మంచం మీద చుక్కలు పడుతున్నాయి. డాబా మీద మా ఆడబిడ్డ పూలకుండీలు ఉన్నాయి. ఆయన ఈ రెండింటినీ కలిపి తీర్పు చెప్పేసుకుని, వారంలోగా కుండీలు దించేయాలని ఆమె తలుపుకి కాగితం అంటించాడు. ఆమె ఆ కాగితం ఊడబీకి, నాలుగు మడతలు పెట్టి, ఆయన తలుపు కొట్టి ఆయన చేతికే ఇచ్చింది.

ఆయన చాలా మాట్లాడాడు. చట్టం అన్నాడు, సంఘం అన్నాడు, కొత్త పరుపు అన్నాడు. ఆమె అంతా విని, “అయిందా అండీ? మీ నీళ్ల ట్యాంకు పొర్లే గొట్టం...” అని మొదలుపెట్టింది. అంతలో ఆమె ఇంట్లో గంట మోగింది. ఇత్తడి చేతిగంట. ఆమె అరచెయ్యి ఎత్తి సెక్రటరీని అక్కడికక్కడే ఆపి లోపలికి వెళ్లింది. నాలుగు నిమిషాల తర్వాత వచ్చి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ, “...పగిలి ఆర్నెల్లయింది,” అంది.

గొడవ జరిగిన అరగంటలో ఆ గంట మూడుసార్లు మోగింది. మూడుసార్లూ ఆమె లోపలికి వెళ్లింది, వచ్చి తెగిన మాటకే ముడివేసింది. సెక్రటరీకి పాపం కొత్త వాదన దొరికినప్పుడల్లా ఎదుట మనిషి ఉండేది కాదు. చివరికి ఆమె చెప్పింది: మూడు రోజులుగా కుండీల కింద నేల మీద బట్టలకు వేసే నీలిమందు కలిపిన నీళ్లు పోస్తోందట. “మీ మంచం మీద పడ్డ చుక్కలు ఏ రంగండీ?” అంది. మామూలు నీళ్లేనన్నాడు. “ఇవాళ తెల్లారి ట్యాంకు గొట్టం పగిలిన చోట కలిపాను. ఇప్పుడు వెళ్లి చూసుకోండి.” ఆయన లోపలికి వెళ్లేసరికి ఆయన భార్య అప్పటికే దుప్పటి పట్టుకుని నిలబడి ఉంది. దుప్పటి మీద నీలం మరక అరచెయ్యంత.

సెక్రటరీ బయటికి వచ్చి ఏం చెప్పాలా అని తడుముకుంటూ ఉంటే, ఎదురుగా వినేవాళ్లు లేరు. నాలుగోసారి గంట మోగింది. గెలిచిన గెలుపును నిలబడి చూసుకునే పాటి వ్యవధి కూడా మా ఆడబిడ్డకి దొరకలేదు. ఆ ముచ్చటేదో నేనే ఆమె తరఫున తీర్చుకుని ఇంటికి వెళ్లాను.

ఆమె నా భర్త చెల్లెలు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. నేను కాపురానికి వచ్చేసరికి రెండు జడలు వేసుకుని, నా పెట్టెలో ఏముందో నాకంటే ముందు తెలుసుకున్న పిల్ల. పెద్దయ్యాక గుడ్డల మిల్లులో తప్పులు పట్టే పనిలో చేరింది. కింద దీపం వెలిగే గాజుబల్ల మీద బట్ట జరుగుతూ ఉంటే, తెగిన పోగు, ముడిపడ్డ పోగు, దాటిపోయిన పోగు కనిపెట్టి సుద్దతో గీత గీయాలి. ఆమె చేతుల మీదుగా తప్పు ఉన్న గుడ్డతాను బయటికి పోయిందని ఎవరూ అనలేదు. పంతొమ్మిదేళ్లు చేసింది. మొగుడు పడిపోయిన రోజు మధ్యాహ్నం బల్ల మీద సుద్దముక్క పెట్టి వచ్చేసింది. మళ్లీ వెళ్లలేదు.

ఆమె మొగుడు బస్సు డిపోలో టైమ్‌కీపరు. నాకు అన్నయ్య వరస. ఏ బస్సు ఎన్ని గంటలకి కదలాలో ఆయనే చెప్పేవాడు. ఈల వేస్తే బస్సు కదలాలి, నిమిషం అటూ ఇటూ కాకూడదు. అన్నేళ్లు అన్ని బస్సుల్ని పంపిన మనిషి తాను ఎక్కడికీ వెళ్లేవాడు కాదు. రిటైరైన రెండో నెలలో పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట పోలేదు, నెమ్మదిగా కుడి కాలు కొంత తేరుకుంది, చెయ్యి రాలేదు. పిలిస్తే గొంతు వినిపించదని కూతురు ఇత్తడి గంట కొనిచ్చి, తన ఊరు తాను వెళ్లిపోయింది. గంట మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

అప్పటి నుంచి తొమ్మిదేళ్లు మా ఆడబిడ్డ లోకానికి ఆ గంటే పొలిమేర. పైకి డాబా వరకు వినిపిస్తుంది. కిందికి వీధి మలుపులో మందుల షాపు వరకు వినిపిస్తుంది, అదీ కిటికీ తెరిచి ఉంటే. మందుల షాపు దాటితే బస్సుల రొద. అక్కడి నుంచి ఒక్కడుగు వేసేది కాదు. కూరల బండి మలుపు అవతల ఆగితే, ఇవతలికి రమ్మని చేత్తో సైగ చేసేది. మాకందరికీ అది నవ్వులాట. “మా ఆడబిడ్డకి తాడు కట్టారర్రా,” అని నేనే అనేదాన్ని. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూ కిటికీ వైపు చెవి పెట్టి ఉంచేది.

మొక్కల బండి తాత ఆ మలుపులోనే పరిచయమయ్యాడు. గురువారం గురువారం మొక్కలు తెచ్చేవాడు. ఒక గురువారం ఆయన బండి మీద ఎవరూ కొనని మొక్కలు రెండు మిగిలితే మా ఆడబిడ్డ తీసుకుంది. ఒకటి ప్రోటియా, ఒకటి వరటా. మన దేశపువి కావని, సముద్రాల అవతల నుంచి వచ్చిన జాతులని, కొండ మీద పూలతోట వాళ్లు పెంచుతున్నారని చెప్పాడు. ప్రోటియా పువ్వు అన్నం పళ్లెమంత పూస్తుందట, రేకులు అట్టముక్కల్లా బిరుసుగా ఉంటాయట. వరటా పిడికిలంత ఎర్రగా పూస్తుందట. నాకు రెండు పేర్లూ నోరు తిరగక మొదటిదాన్ని మొండిది అని, రెండోదాన్ని ఎర్రది అని పిలిచాను. ఇప్పుడు ఇంట్లో అవే పేర్లు.

మొండిదాన్ని నేను చంపాను. దాచుకోవడం దేనికి.

వచ్చిన నెలకే అన్నయ్యగారికి జ్వరం తగిలి, మా ఆడబిడ్డ పదిరోజులు మంచం పక్క నుంచి లేవలేదు. మొక్కలకు కాస్త నీళ్లు పోయమని నాకు చెప్పింది. పైకెళ్లి చూస్తే మొండిది గులకరాళ్లలో, ఇసుకలో, వట్టి పుల్లలా నిలబడి ఉంది. నా చేతికింద ఉన్నది ఏదైనా సరే పస్తుండడం నాకు గిట్టదు. నా గులాబీల కోసం దాచుకున్న పేడ ఎరువు రెండు దోసిళ్లు, ఎముకల పొడి పిడికెడు తెచ్చి మొదట్లో వేశాను. నాలుగు రోజులకి ఆకు అంచులు కాలిన కాగితంలా నల్లబడ్డాయి. ఆకలి తీరలేదనుకుని ఇంకో పిడికెడు వేశాను. మూడు వారాల్లో పోయింది.

మా ఆడబిడ్డ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. కుండీ మలుపు దాకా మోసుకెళ్లి తాతకి చూపించింది. తాత మట్టి చిటికెడు తీసి వాసన చూసి, “ఎవరమ్మా దీనికి విందు పెట్టింది?” అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. సమాధానం చెప్పే అవసరం నాకు కనిపించలేదు. తాత కుండీ వంచి వేళ్లు చూపించాడు. దూదిపింజెల్లా పైపైనే అల్లుకుని ఉన్నాయి.

“ఇవి పుట్టిన చోట నేలలో ఏమీ ఉండదమ్మా, రాయీ ఇసుకా తప్ప. అందుకని దొరికిన పిసరంత కూడా వదలకుండా పీల్చుకోవడం నేర్చాయి. చాలు అనడం వీటికి తెలియదు. పెట్టేవాళ్లే ఆపాలి.”

ఆ మాట మా ఆడబిడ్డ ఇంటికొచ్చాక కూడా రెండుసార్లు అనుకుంది. నేను మాత్రం మనసులో తాతని, ఇసుకని, సముద్రాల అవతలి దేశాలని కలిపి తిట్టుకున్నాను.

ఇక ఎర్రదాని మీద పడింది ఆమె. గాజుబల్ల మీద బట్టని చూసినట్టే ఆకుని ఎండకు ఎత్తి పట్టుకుని చూసేది. మిల్లు నుంచి తెచ్చుకున్న భూతద్దం కొంగుకి కట్టుకునేది. ఒక ఏడాది కొత్త ఆకులు పసుపు రంగుకి తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. తిండి లేక అలా అయిందని నేను అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆమె వారం రోజులు ఆలోచించి, ఒక పొద్దున టీ గిన్నె అడుగు గీకుతూ ఆగిపోయింది. అడుగున తెల్లటి పెచ్చు కట్టి ఉంది. “వదినా, మనం తాగేది బోరునీళ్లే, దానికి పోసేదీ బోరునీళ్లే. దాని గొంతులో కూడా ఈ సున్నమే పేరుకుంటోంది,” అంది. ఆ రోజు నుంచి డాబా మీద డ్రమ్ములు పెట్టి వాననీళ్లు పట్టింది. తాత చెప్పిన ప్రకారం చిటికెడు గంధకం పొడి మట్టి మీద చల్లింది. రెండు నెలలకి పచ్చటి చిగుళ్లు వచ్చాయి.

తర్వాత ఏడాది చెట్టు వాడింది. వాడితే నీళ్లు పోస్తాం. పోసిన కొద్దీ ఇంకా వాడింది. వేలు రెండు కణుపుల లోతు దింపి చూస్తే లోపల బురద. కుండీ కింద నేల పాడవకూడదని పెట్టిన పళ్లెంలో నీళ్లు నిలిచి, వేళ్లు కుళ్లడం మొదలైంది. పళ్లెం తీసిపారేసి, కుండీని మూడు ఇటుకల మీద ఎక్కించింది. ఆకుల మీద నల్లమచ్చలు వస్తే మందు కొట్టలేదు, గోడ మూల నుంచి తీసి గాలి తగిలే పిట్టగోడ దగ్గరికి జరిపింది, నీళ్లు ఆకు తడవకుండా మొదట్లోనే, అదీ పొద్దున్నే పోసింది. గడ్డి మొలిస్తే నన్ను పీకనివ్వలేదు. వేళ్లు పైపైనే ఉంటాయి, గడ్డితో పాటు తెగుతాయని కత్తెర ఇచ్చి కత్తిరించమంది. గడ్డికి క్షవరం చేసిన మనిషిని ఈ వీధిలో నేనొక్కదాన్నే.

ఒక చలికాలం కాండంలో పురుగు దూరింది. కాండం పైనుంచి కిందికి ఎండుకుంటూ వచ్చింది. ఆమె రంపం తెచ్చి, మట్టికి జానెడు ఎత్తులో అడ్డంగా కోసేసింది.  “దీనికి అడుగున గడ్డ ఉంటుంది వదినా. అడవి తగలబడినా మళ్లీ అందులోంచే లేస్తుందట,” అంది. నాలుగు నెలలు ఆ మోడుకి దండం పెట్టినట్టు రోజూ వంగి చూసింది. ఐదు మొలకలు వచ్చాయి. ఏడో ఏట పువ్వు పూసింది. పిడికిలంత కాదు, రెండు పిడికిళ్లంత. పూత అయిపోగానే కొమ్మ తగ్గించాలి, లేకపోతే కర్రలా సాగిపోతుందని, వాడే లోపే పొడుగ్గా కాడతో సహా కోసి, మొగుడి మంచం పక్క సీసాలో పెట్టింది. ఆయన దాన్ని ఎగాదిగా చూసి, “ఏడేళ్లు లేటు,” అన్నాడు. నవ్వు ఆపుకోలేక కిందికి వచ్చేశాను.

ఆ పువ్వు బొమ్మ ఫోనుల్లో తిరిగి తిరిగి, మొక్కలు చస్తున్న వాళ్లందరికీ ఆమె నంబరు తెలిసింది. రోజూ ఎవరో ఒకరు ఆకుల బొమ్మలు పంపేవారు. ఆమె మంచం పక్క స్టూలు మీద కూర్చుని, భూతద్దం ఫోను మీద పెట్టి చూసి, వరసగా అడిగేది. కుండీ కింద పళ్లెం ఉందా? నీళ్లు ఎక్కడివి? గాలి ఆడుతుందా? మట్టి ఎవరైనా కదిపారా? చివర్న, ఏం పెట్టారు? అందరూ ఏమీ పెట్టలేదండీ అనేవాళ్లు. ఆమె ఊరుకునేది. కొంతసేపటికి అవతలి గొంతు, కొంచెం చేపల కడుగు పోశానండీ అనేది, మిగిలిన పాలు పారబొయ్యలేక పోశానండీ అనేది. ఫోను పెట్టేశాక నాతో, “ఏమీ పెట్టలేదన్న వాళ్లే ఎక్కువ పెట్టిన వాళ్లు వదినా,” అనేది. ఊళ్లోని సగం డాబాలు ఆమె నోటి మాట మీద బతికాయి. అందులో ఒక్క డాబా కూడా ఆమె చూడలేదు.

పోయిన ఏడాది కొండ మీద పూలతోట ఆయన ఫోను చేశాడు. మూడువందల వరటా చెట్లు, సగం వాడుతున్నాయట. బొమ్మలు పంపాడు. ఆమె రెండు రోజులు చూసి, బొమ్మల్లో తేలదు, వేళ్లు చూడాలి, నీళ్లు ఎటు పారుతున్నాయో ఆ వాలు మీద నడిచి చూడాలి అంది. అయితే రండి, మూడు రోజులు ఉండండి, ఉండడానికి గది ఉందన్నాడు. కుదరదండీ అంది. మళ్లీ చేశాడు. కుదరదంది. మూడోసారీ అంతే. ఆ కొండకి వెళ్లే బస్సు మా మలుపు దాటాక వంద అడుగుల్లో ఆగుతుంది. ఆ బస్సుని ఇరవై ఏళ్లు ఈల వేసి పంపింది ఆమె మొగుడే.

ఆయన వద్దనలేదు. అది చెప్పాలి. ఫోను వచ్చినప్పుడు వినేవాడు, మాట్లాడేవాడు కాదు. ఆ రోజు మాత్రం గంట ఎక్కువసార్లు మోగేది. దిండు జారింది, కిటికీ తెర జరపాలి, ఇప్పుడు టైమెంత. గోడ గడియారం ఆయన ఎదురుగానే ఉంది. మా ఆడబిడ్డ వెళ్లి టైము చెప్పి వచ్చేది.

మొన్న ఎండలు మొదలైన రోజుల్లో డాబా తలుపు మూసుకుని గడియ పడింది. ఆ తలుపు ఇనుపది. గాలికి దఢాలున పడితే మెట్ల వైపు గడియ దానంతటదే జారుతుంది. అందుకే మా ఆడబిడ్డ ఎప్పుడూ అడ్డంగా ఇటుక పెట్టి ఉంచుతుంది. ఆ పొద్దున ఎర్రదాన్ని పెద్ద కుండీలోకి మార్చింది. మట్టిగడ్డ విరగకుండా, వేరు కదలకుండా మార్చేసరికి ఆ కుండీ కింద ఒక ఇటుక తక్కువైంది. తలుపు దగ్గరి ఇటుక తీసి దానికి పెట్టింది. చెట్టు నిలబడింది, తలుపు పడింది.

ఫోను కింద మంచం దగ్గర ఉంది. సెక్రటరీ వాళ్లు ఊళ్లో లేరు. నేను కళ్ల డాక్టరు దగ్గర, కళ్లలో చుక్కలు వేయించుకుని వరసలో కూర్చున్నాను. కింద గంట మోగింది. ఆమె తలుపు బాదింది. గంట మోగింది. పిట్టగోడ మీంచి వీధిలోకి అరిచింది. బస్సుల రొదలో ఎవరికి వినిపిస్తుంది? గంట పదకొండుసార్లు మోగిందని తర్వాత చెప్పింది. పదకొండోసారి మధ్యలో ఆగింది. తొమ్మిదేళ్లలో ఎవరూ వెళ్లకుండా ఆ గంట ఆగడం అదే మొదలు. ఆ నిశ్శబ్దంలో ఆమె ఎర్రదాని పక్కన కూర్చుండిపోయింది. ఇక తలుపు కూడా బాదలేదట.

నేను ఇంటికి వచ్చి మెట్ల మీంచి మా ఆడబిడ్డని పిలిస్తే పలకలేదు. పైకి ఎక్కి గడియ తీశాను. ఆమె అరచేతుల నిండా తుప్పు. “ఆగిపోయింది వదినా,” అంది. ఇద్దరం మెట్లు ఎలా దిగామో తెలియదు, మోకాళ్ల సంగతి నాకు ఆ రాత్రి గానీ గుర్తు రాలేదు.

మంచం ఖాళీ. గంట దుప్పటి మీద ఉంది. ఆయన వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతిలో గ్లాసు, చొక్కా సగం తడిసి ఉంది. మంచం నుంచి వంటింటికి పద్నాలుగు అడుగులు, నేను తర్వాత కొలిచాను. గోడ పట్టుకుని నడిచాడు. కాళ్లు వణుకుతున్నాయి, మొహం మాత్రం కోపంతో కందగడ్డలా ఉంది. పెళ్లాం వంక చూసి, “నలభై రెండు నిమిషాలు,” అన్నాడు.

ఆమె ఆయన చొక్కా మార్చింది, భుజం పట్టి తీసుకెళ్లి పడుకోబెట్టింది, దుప్పటి కప్పింది. గంట తీసి చేతికి అందేలా పెట్టింది. వంటింట్లోకి వచ్చి, ఆయన తాగి పెట్టిన గ్లాసు కడగకుండా చేత్తో పట్టుకుని నిలబడింది.

“ఎరువు ఎక్కువ వేశాను వదినా,” అంది.

నాకు ఎప్పటిలాగే కొంచెం ఆలస్యంగా వెలిగింది. “దేనికే? ఎర్రదానికా?” అన్నాను. ఆమె పడకగది వైపు చూసింది. అప్పుడు గానీ నాకు తాత మాట గుర్తు రాలేదు.

మర్నాడు నేను ఊరుకోలేక ఆయన దగ్గరికి వెళ్లాను. నడవగలిగిన మనిషివి ఇన్నాళ్లు దాన్ని గానుగెద్దులా తిప్పావా అని నా పద్ధతిలో అడిగాను. ఆయన గడియారం వంక చూశాడు.

“గంట కొట్టాను చెల్లెమ్మా. ఎవరూ రాలేదు. ఇంట్లో ఎవరూ లేరని అనుకోలేదు. నేనే లేనేమో అనుకున్నాను. ఉన్నానో లేదో చూద్దామని లేచాను.”

 ఆయన కూడా ఆ మంచానికి కట్టి ఉన్నాడని, ఆ గంట తాడుకి రెండు కొసలు ఉన్నాయని నాకు అప్పటి దాకా తట్టలేదు. లేచి దిండు సర్దాను. సర్దుతూ ఉంటే గుమ్మం దగ్గర నుంచి మా ఆడబిడ్డ నన్ను చూసింది. ఆ చూపులో ఏదో ఉంది, మందలింపు లాంటిది. దిండు అంతకుముందే సరిగ్గా ఉంది మరి.

ఆ తర్వాత గంట మోగడం తగ్గలేదు. భయంతో ఇంకా పెరిగింది. కానీ ఒకటి గమనించాను. గంట మోగినప్పుడు ఆమె ఇదివరకులా పరుగెత్తడం లేదు. పడకగది గుమ్మం ఇవతల, తెర వెనక, ఆయనకి కనబడకుండా నిలబడుతోంది. పెదాలు కదులుతున్నాయి. రెండు చేతులూ తెరని పట్టుకుని ఉంటాయి, వేళ్లు తెల్లబడేంత గట్టిగా. కొంతసేపటికి లోపలికి వెళ్తుంది. దేవుణ్ణి తలుచుకుంటోంది కాబోలు అనుకున్నాను. ఒక్కోసారి ఆమె ఇంకా అక్కడే ఉండగా గంట ఆగేది, లోపల గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించేది. అప్పుడు లోపలికి వెళ్లకుండా వెనక్కి తిరిగేది. ఆ మొహం సంతోషంగా ఉండేదని చెప్పలేను. మిల్లు గాజుబల్ల మీద అప్పటికే జరిగిపోయిన బట్టలో తప్పు దాటిపోయిందేమోనని వెనక్కి చూసుకునే మొహం అది.

పోయిన బుధవారం పొద్దున ఆమె నా ఇంటికి వచ్చింది. పక్కనే తోలు సంచి. అందులో భూతద్దం, కత్తెర, మట్టి తవ్వే గునపం పుల్ల, రెండు చీరలు. కొండ తోట ఆయన నాలుగోసారి ఫోను చేశాడని, నూటపాతిక చెట్లు పోయాయని, రేపటి బస్సుకి వస్తానని చెప్పేసిందని అంది. మూడు రోజులు అన్నయ్యగారిని చూసుకోమని నన్ను అడక్కముందే చెప్పేసింది. నాకు కోపం రావలసిన చోటే గానీ, ఆ సంచి పట్టుకున్న చెయ్యి చూసి మానుకున్నాను.

“అడుగుతున్నది నన్నేనా? నీ మొదటి మొక్కని ముద్దపెట్టి చంపిన దాన్ని,” అన్నాను.

“అందుకే నిన్ను అడుగుతున్నా. ఎలా చచ్చిందో నీకు తెలుసు,” అంది.

అన్నీ చెప్పింది. పొద్దున స్నానానికి, దొడ్డికి వెళ్లేటప్పుడు పక్కనే ఉండి పట్టుకోవాలి, అక్కడ పంతాలు వద్దు. మందులు మూడు పూటలా చేతికివ్వాలి. పడిపోయిన చప్పుడైతే ఒక్క క్షణం ఆగకుండా వెళ్లాలి. కుర్చీ వంటింటి గుమ్మం పక్కన వేసుకుంటే ఆయన నీకు కనిపిస్తాడు, నువ్వు ఆయనకి కనిపించవు. డాబా మీద ఎర్రదానికి వేలు పెట్టి చూసి రెండు కణుపులు పొడిగా ఉంటేనే డ్రమ్ములో నీళ్లు ఒక చెంబు. కొత్త కుండీలో దిగులుగా ఉంటుంది, చూసి జాలిపడకు. తలుపుకి ఇటుక మర్చిపోకు.

“మిగతా టైములో నువ్వు చెయ్యాల్సింది ఏమిటంటే, ఏమీ చెయ్యకపోవడం. నీకు కష్టమని నాకు తెలుసు.”

పైన గంట మోగింది. నా ఇంట్లోకి కూడా స్పష్టంగా వినిపించింది. అంతవరకూ నేనెప్పుడూ అది నా కోసం మోగుతున్నట్టు వినలేదు. నా కాళ్లు వాటంతటవే లేవబోయాయి. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

“గంట మోగితే వంద లెక్కపెట్టి అప్పుడు లే. వంద దాకా వచ్చుగా నీకు?”

నేను మూడో తరగతి చదివాను. మా పంతులు వెయ్యి దాకా చెప్పించాడు, ఆ సంగతి ఈ ఇంట్లో అందరికీ తెలుసు. అదే చెప్పాను. ఆమె నవ్వలేదు, పైకి చెవి పెట్టి ఉంది. పెదాలు కదులుతున్నాయి. అరవైలో ఉందో డెబ్భైలో ఉందో, అప్పుడు గంట ఆగింది.

“లెక్క మధ్యలో ఇలా ఆగితే మాత్రం లేవకు వదినా,” అంది. “కుర్చీ గట్టిగా పట్టుకుని కూర్చో.”